ఎర్రచేనులో మట్టిని నిలబెట్టుకోవడం ఎలా: మా అయిదెకరాల్లో నేర్చుకున్నది

మా చేని పడమటి గట్టు మీద ఒక రాతి కూసం, అంటే రాతి స్తంభం ఉంది. నా చిన్నప్పుడు నాయన పాతించాడు. భూమిలో దిగిన మేర రాయికి ఎర్రమట్టి రంగు పట్టింది, పైభాగం బూడిద రంగులో ఉంటుంది. ఇప్పుడు ఆ ఎర్ర గీత నేలకు బెత్తెడు ఎత్తున కనిపిస్తుంది. కూసం పైకి లేవలేదు, దాని చుట్టూ ఉన్న నేలే కిందికి పోయింది. పదేళ్ళ కిందట చేను నా చేతికొచ్చినప్పుడు ఆ గీత మీద వేళ్ళు ఆనించి చాలాసేపు నిలబడిపోయాను. నలభై ఏళ్ళలో బెత్తెడు మట్టి. మేం ఎవరికీ అమ్మలేదు, ఎవరూ ఎత్తుకుపోలేదు.

మాది అనంతపురం జిల్లా, కళ్యాణదుర్గం వైపు. ఎర్రనేల, కింద గరుసు. ఏడాది మొత్తానికి వాన సగటున 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల. అలాంటి చోట నీళ్ళు లేక బాధపడతాం గానీ నీళ్ళ వల్ల నేల కోసుకుపోతుందని ఎవరికీ తట్టదు. కానీ మా వాన నెమ్మదిగా కురిసేది కాదు. నెలంతా కురవాల్సింది ఒక్క రాత్రి కురుస్తుంది. ఈ పదేళ్ళలో నేను గమనించింది ఇది: మట్టి ఏడాది పొడవునా పోదు. రెండు మూడు పెద్ద వానల్లో, జూన్ నుంచి ఆగస్టు దాకా వీచే పడమటి గాలిలో పోతుంది. మిగతా రోజుల్లో చేను బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. కాబట్టి మనం చేసే పనులన్నీ ఆ కొద్ది రోజుల కోసమే. అవి వచ్చే లోపల నేల సిద్ధంగా ఉండాలి.

ఎంత పోతుందో ఒక లెక్క చెబుతాను. ఎకరా చేనులో ఒక మిల్లీమీటరు మందం మట్టి పోతే అది నాలుగు ఘనపు మీటర్లు, తూకంలో అయిదున్నర టన్నులకు పైనే. రెండు ట్రాక్టర్ ట్రాలీలు. మిల్లీమీటరు అంటే గోరు మందం కదా, కంటికి ఆనదు. మన దేశంలో సగటున హెక్టారుకు ఏటా 16.4 టన్నుల మట్టి కదిలిపోతోందని 1983లో శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. ఎకరాకు చూస్తే ఆరున్నర టన్నులు. పోయేది కూడా అన్నిటికన్నా పైనున్న మెత్తటి మట్టి. పేడ ఎరువు, ఆకు కుళ్ళి కలిసిన సారం, మనం కొని చల్లిన ఎరువు అందులోనే ఉంటాయి. మిగిలేది ఇసుక, గరుసు.

ఇంకో నష్టం నాకు ఆలస్యంగా అర్థమైంది. మా లాంటి నేల సెంటీమీటరు మందానికి సుమారు ఒక మిల్లీమీటరు నీటిని పైరుకు అందేలా దాచుకుంటుంది. బెత్తెడు పోయిందంటే ఏడు మిల్లీమీటర్ల నీళ్ళు దాచుకునే చోటు పోయింది. ఊడలు దిగే సమయంలో వేరుశెనగ పైరు, మేం శెనక్కాయ అనేది, రోజుకు నాలుగైదు మిల్లీమీటర్లు తాగుతుంది. అంటే వాన ముఖం చాటేసినప్పుడు మా నాయన కాలంలో కన్నా నా పైరు ఒకటిన్నర రోజు ముందే వాడుతుంది. వానకీ వానకీ మధ్య ఆ ఒకటిన్నర రోజే పంట ఎత్తడమో పోగొట్టుకోవడమో తేలుస్తుంది.

ముందు చేనంతా నడవండి

పని మొదలుపెట్టే ముందు ఒక పెద్ద వాన కురిసిన మర్నాడు పొద్దున్నే చేనంతా నడవండి. నిలబడి చూస్తే కనపడదు, గొంతుకూర్చుని చూడాలి. మొదటిసారి అలా చూసినప్పుడు నాకు కనిపించింది ఇప్పటికీ కళ్ళలో ఉంది. పైరు లేని జాగాలో ప్రతి చిన్న గులకరాయీ ఒక మట్టి పీట మీద కూర్చునుంది. రాయి కింద మట్టి అలాగే ఉంది, చుట్టూ ఉన్నదంతా అర అంగుళం దిగిపోయింది. పెద్ద చినుకు సెకనుకు తొమ్మిది మీటర్ల వేగంతో పడుతుంది. ఒట్టి నేల మీద పడిందా, మట్టి కణాలను పగలగొట్టి ఎగరేస్తుంది. రాయి గొడుగు పట్టిన చోట మట్టి మిగిలింది, లేని చోట పోయింది. నేల మీద కప్పు ఎందుకు ఉండాలో నాకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

తర్వాత చూడాల్సినవి: పిల్ల కాలువలు, అంటే వేలు లోతు చారలు ఎక్కడ మొదలవుతున్నాయి, చెట్ల వేర్లు ఎక్కడ బయటపడ్డాయి, పల్లంలో ఎక్కడ మెత్తటి ఒండ్రు పేరుకుంది, గట్టు ఎక్కడ తెగింది. చారలు ఎక్కడ మొదలయ్యాయో అక్కడ ఒక పుల్ల గుచ్చండి. పని మొదలవ్వాల్సింది ఆ పుల్లల దగ్గర, కింద పెద్ద గండి దగ్గర కాదు. అందరం గండి చూసి టెన్షన్ పడి అక్కడికే రాళ్ళు తోలుతాం. నీళ్ళకు పైనుంచి దిగే కొద్దీ వేగం వస్తుంది. వేగం రెండింతలైతే మోసుకుపోయే మట్టి రెండింతలు కాదు, ముప్పై రెండింతల దాకా పెరుగుతుంది. పైన నడిచే నీళ్ళను కింద పరిగెత్తేదాకా వదిలేస్తే ఆపడం మనవల్ల కాదు.

చేనులో నాలుగు చోట్ల ఇనుప కడ్డీ ముక్కలు దింపి, నేల మట్టానికి పెయింట్ గీత పెట్టండి. పై మడిలో రెండు, కింద రెండు. దుక్కిలో కదలకుండా గట్టు వారగా, చెట్ల మొదళ్ళ దగ్గర ఉంచాలి. ఏటా సంక్రాంతికి స్కేలు పెట్టి కొలిచి నోటుబుక్కులో రాసుకోండి.

వాలు కొలవడం, గీత గీయడం

మేస్త్రీలు వాడే నీళ్ళ గొట్టం 20 మీటర్ల కన్నా కాస్త పొడుగున్నది తెచ్చుకోండి. ఒకరు పైన, ఒకరు కింద నిలబడి, గొట్టం రెండు కొసలూ కొలత గీతలున్న కర్రలకు కట్టి పట్టుకుంటే రెండు చోట్లా నీటి మట్టం తేడా తెలుస్తుంది. 20 మీటర్ల దూరానికి 40 సెంటీమీటర్ల తేడా ఉంటే రెండు శాతం వాలు. 60 ఉంటే మూడు శాతం. గట్టుకూ గట్టుకూ మధ్య ఎంత ఎడం ఉండాలన్నది దీన్ని బట్టే. ఒక శాతం వాలుకు సుమారు 70 మీటర్లు, రెండు శాతానికి 40, మూడు శాతానికి 30 మీటర్లు.

ఇక గట్టు ఏ గీత మీద వెయ్యాలి? నేను మొదటి ఏడు చేసిన తప్పు ఇక్కడే. దున్నుకోవడానికి సులువుగా ఉంటుందని సర్వే గట్ల లెక్కన జేసీబీతో తిన్నగా వేయించాను. చూడ్డానికి చాలా అందంగా ఉండింది. సెప్టెంబరులో ఒక రాత్రి వానకు నీళ్ళన్నీ గట్టు వెంబడి నడిచి, పల్లంగా ఉన్న ఒక్క చోట చేరి, అక్కడ తెంచేశాయి. తెల్లారి చూస్తే పైరు పోయింది, నడుం లోతు గండి పడింది. గట్టు వెయ్యకపోయినా అంత నష్టం జరిగేది కాదు. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను, గట్టు సమాన ఎత్తు గీత మీదే నడవాలి. అది వంకరగా ఉంటే వంకరగానే.

ఆ గీత గీయడానికి డబ్బు ఖర్చు లేని పనిముట్టు ఏ-ఫ్రేమ్. ఏడడుగుల కర్రలు రెండు సమానంగా కోసి, పైన కలిపి కట్టి, కింద కాళ్ళు చాపండి. నడుమ అడ్డకర్ర కట్టండి. పైకొస నుంచి దారం వేలాడదీసి చివర గుప్పెడంత రాయి కట్టండి. దారం అడ్డకర్రను తాకుతూ ఊగాలి. ఇప్పుడు దాన్ని సరిచూడాలి. రెండు కాళ్ళ కిందా గుర్తులు పెట్టి నిలబెట్టి, దారం అడ్డకర్ర మీద ఎక్కడ నిలిచిందో పెన్సిల్‌తో గీయండి. కాళ్ళు తారుమారు చేసి అవే గుర్తుల మీద మళ్ళీ నిలబెట్టి ఇంకో గీత గీయండి. ఆ రెండు గీతలకు సరిగ్గా మధ్య ఉన్న చోటే మట్టం. అక్కడ కత్తితో గాటు పెట్టుకోండి.

చేని అంచున ఒక కాలు ఆనించి, దారం గాటు మీదికి వచ్చేదాకా రెండో కాలును పైకీ కిందికీ జరపండి. వచ్చిన చోట సున్నం చుక్క వెయ్యండి. ఆ కాలును అలాగే ఉంచి మొదటి కాలును తిప్పి ముందుకు వెయ్యండి. అలా చేను దాటేదాకా. పొద్దున ఏడు గంటల్లోపే ఈ పని మొదలుపెట్టాలి, గాలి లేచిందంటే దారం నిలవదు. చివర్లో చుక్కలన్నీ కలిపితే పాము పాకినట్టు చిన్న చిన్న వంపులు వస్తాయి. వాటిని కాస్త సవరించి మెత్తటి గీత చేసుకోండి, లేకుంటే గొర్రు తిరగదు. ఇద్దరు మనుషులకు ఎకరాకు రెండు గంటల పని. నేనూ మా పెద్దాడూ అయిదెకరాలు మూడు పొద్దుల్లో గీశాం.

గట్టుకు మరవ

గీత మీద మట్టి తవ్వేటప్పుడు పైవైపు నుంచే తవ్వి కింది వైపు పొయ్యండి. తవ్విన చోటు కందకంలా మిగిలి నీళ్ళు పట్టుకుంటుంది. గట్టు అడుగున నాలుగైదు అడుగుల వెడల్పు, పైన అడుగు, అడుగున్నర, ఎత్తు రెండడుగులు. మట్టి పోసే ముందు అడుగున ఉన్న గడ్డి గీరేసి మడకతో ఒక సాలు వేస్తే పాత నేలకూ కొత్త మట్టికీ పట్టు దొరుకుతుంది. పోసిన ప్రతి పొరనూ తొక్కించాలి.

చెరువుకు మరవ, అంటే ఎక్కువైన నీళ్ళు పొర్లిపోయే అలుగు, ఎలా ఉంటుందో గట్టుకూ అలాగే ఉండాలి. ఎకరా మీద 50 మిల్లీమీటర్ల వాన అంటే రెండు లక్షల లీటర్ల నీళ్ళు. అందులో సగం ఇంకినా మిగతా లక్ష ఎటో పోవాల్సిందే. మనం దారి చూపకపోతే అదే చూసుకుంటుంది. ప్రతి గట్టుకూ ఒక కొసన, గట్టి నేల ఉన్న వైపు, గట్టు తల కన్నా అడుగు తక్కువ ఎత్తులో మూడు నాలుగడుగుల వెడల్పున దారి వదిలి, అడుగున, దిగువన రాళ్ళు పరవండి. పై గట్టు మరవ కుడి కొసన ఉంటే కింది గట్టుది ఎడమ కొసన పెట్టండి. నీళ్ళు చేను దాటేసరికి అడ్డంగా నడిచి అలిసిపోతాయి.

మరవ లేని గట్టు మీద ఖర్చు పెట్టొద్దు. ఉపాధి పనుల్లో తవ్వించుకున్నా, సొంతంగా వేసుకున్నా, పని అయిన రోజే మరవ అడగండి.

గట్టు మీద మొక్క లేకుంటే రెండేళ్ళకు అదీ కరిగిపోతుంది. కింది వాలున గ్లిరిసీడియా కొమ్మలు అడుగున్నర ఎడంలో గుచ్చాం, కోసి చేలో వేస్తే ఆకు ఎరువు. గట్టు నెత్తిన కంది, నడుమ నడుమ సీతాఫలం. గొర్రెలూ మేకలూ వేసవిలో దేన్నీ వదలవు, వాటికి అడ్డు చెప్పే పరిస్థితి కూడా మా ఊళ్ళో లేదు, మందలు కట్టించుకుంటేనే మాకు ఎరువు. అందుకని అవి పెద్దగా ముట్టని బోద గడ్డి పిలకలు పై వాలున నాటాను. వేరు పట్టేదాకా మొదటి ఏడు మాత్రం కంపలు వెయ్యక తప్పదు. నీళ్ళ జాడ ఉన్నచోట వట్టివేరు మరీ మేలు, దాని వేరు నిలువునా దిగుతుంది కాబట్టి పక్క పైరుకు పోటీ రాదు.

దుక్కి, విత్తనం

వాలుకు అడ్డంగా దున్నండి, అడ్డంగానే విత్తండి. అందరికీ తెలిసిన మాటే, ట్రాక్టర్ పొడుగు వైపు తిరిగితే డీజిల్ కలిసొస్తుందని ఎవరమూ పాటించం. నిలువు సాలు ప్రతి ఒక్కటీ ఒక కాలువ. అడ్డసాలు ప్రతి ఒక్కటీ ఒక చిన్న గట్టు. ట్రాక్టరతను ఒప్పుకోకపోతే గంటకు కాస్త ఎక్కువిచ్చయినా ఒప్పించండి.

మేం పదకొండు సాళ్ళు శెనక్కాయ, ఒక సాలు కంది వేస్తాం. ఆ కంది సాలు పక్కనే మడకతో ఒక లోతు సాలు తీస్తాం. వాన ఎక్కువైతే నీళ్ళు అందులో నిలబడి ఇంకుతాయి, కందికీ అదే పదును. శెనక్కాయ పీకేశాక చేను ఒట్టిపోతుంది, పీకడమంటే నేలను గుల్ల చేయడమే కదా. అప్పుడు నిలబడి ఉండేది కంది ఒక్కటే. సంక్రాంతి తర్వాత కంది కోసేటప్పుడు మొదలంటా కొయ్యకుండా మూరెడు మోళ్ళు వదలండి.

శెనగ కట్టె చేలో వదలమని కొందరు చెబుతారు. పశువులున్న ఇంట్లో అది కుదరదు, దానికన్నా మంచి మేత లేదు. నేను శెనక్కాయ బుడ్డల పొట్టు, కంది కట్టె, గ్లిరిసీడియా ఆకు వేస్తాను. ఎకరా మొత్తం కప్పేంత ఎవరి దగ్గరా ఉండదు. పుల్లలు గుచ్చిన చోట్ల, చారలు మొదలయ్యే చోట్ల వేస్తే చాలు.

గండిని మాన్పడం

గండిని వదులు మట్టితో పూడ్చకండి, మొదటి వానకే పోతుంది. రాళ్ళ అడ్డుకట్టలు వెయ్యాలి. పైకొస నుంచి కిందికి రండి. గండి రెండు వైపులా, అడుగునా అడుగు లోతు తవ్వి రాళ్ళను అందులో కూర్చోబెట్టాలి. లేకుంటే నీళ్ళు పక్కనుంచి దారి చేసుకుంటాయి. గుండ్రటి రాళ్ళు వద్దు. పెద్దవి అడుగున, చిన్నవి సందుల్లో. ఎత్తు మూడడుగులు దాటకూడదు. నడిమి భాగం రెండు కొసల కన్నా అడుగు లోతుగా ఉండాలి, నీళ్ళు నడిమధ్యనే దూకాలి. దూకిన చోట పరుపులాగా రాళ్ళు వెయ్యండి.

కట్టకూ కట్టకూ ఎడం ఎంత అంటే, కింది కట్ట నడిమి పల్లం, పై కట్ట పాదం ఒకే మట్టంలో ఉండాలి. నీళ్ళ గొట్టంతో చూసుకోవచ్చు. నాకు పడిన ఆ నడుం లోతు గండిలో ఇలా అయిదు కట్టాం. ఒక్క ఏడాదిలో పై రెండిటి వెనక మోకాలి లోతు ఒండ్రు చేరింది. అందులో ఆముదం పెట్టాం, చేనంతటిలో అంత ఏపుగా ఏదీ రాలేదు. నా చేని మట్టే అది, పారిపోతుంటే పట్టుకున్నాం.

ఇన్నిటినీ దాటి వచ్చిన నీళ్ళకు చేని కింది మూలన కుంట. కుంటలోకి నీళ్ళు వచ్చే దారిలో మూడడుగుల గుంత ఒకటి తవ్వితే మట్టి అందులో దిగిపోయి కుంట తొందరగా పూడదు. ఏటా వేసవిలో ఆ గుంత ఎత్తి పై మడిలో పొయ్యండి. చెరువు పూడిక దొరికితే అదీ తోలుకోండి, మా ఇసుకపాలు ఎక్కువున్న నేలకు ఆ జిగట చాలా అవసరం.

చేలల్లో మట్టి ఆగకుండా పోతే ఎక్కడ చేరుతుందో చెప్పడానికి దూరం పోనక్కర్లేదు. హెచ్చెల్సీ (ఎగువ కాలువ) నీళ్ళు మా జిల్లాకు తుంగభద్ర నుంచి వస్తాయి. ఆ డ్యామ్ కట్టినప్పుడు పట్టింది సుమారు 133 టీఎంసీలు. ఇప్పటి లెక్క 106 టీఎంసీల లోపు. తేడా అంతా మట్టే.

గాలి

బొమ్మనహాళ్, కణేకల్లు వైపు వేదవతి ఒడ్డుకు వెళ్ళి చూడండి. హగరి అని కూడా అంటారు ఆ ఏటిని. ఏటి ఇసుకను పడమటి గాలి ఎత్తి పొలాల మీద పోసి దిబ్బలు చేసింది. ఒకప్పుడు పండిన నేలలు ఆ దిబ్బల కిందున్నాయి. మా వైపు అంత లేదు గానీ జూన్ జూలైల్లో మొలకల ఆకులు అంచులు మాడినట్టు అయితే తెగులని మందు కొట్టేవాళ్ళం. అది తెగులు కాదు, ఇసుక రేణువులు కొట్టిన దెబ్బ.

గాలి మట్టిని మూడు రకాలుగా తీసుకుపోతుంది. పిండిలాంటిది పైకి లేచి ఊళ్ళు దాటిపోతుంది. పెద్ద రేణువులు నేల మీదే దొర్లుతాయి. నడిమి రకం గెంతుకుంటూ పోతుంది, ఎక్కువ మట్టి పోయేది ఇలాగే. గెంతిన ప్రతి రేణువూ పడిన చోట ఇంకో నాలుగు రేణువుల్ని లేపుతుంది. ఒకసారి కర్రకు నిలువుగా అట్ట కొట్టి, ఆముదం రాసి, గాలికి ఎదురుగా ఒక పూట ఉంచాను. సాయంత్రం చూస్తే అడుగు ఎత్తు దాకా ఎర్రగా, ఉప్పు కాగితం లాగా అయిపోయింది. దాని పైన అక్కడక్కడా చుక్కలే. అప్పుడు ధైర్యం వచ్చింది. చెట్లు పెరిగేదాకా ఆగక్కర్లేదు, అడుగెత్తు అడ్డు కూడా చాలా మట్టిని ఆపుతుంది.

అందుకే పడమటి అంచున, నడుమ ప్రతి ముప్పై నలభై అడుగులకూ సజ్జ గానీ జొన్న గానీ రెండు సాళ్ళు ముందుగా వేస్తాం. పోయినేడు జొన్న మోళ్ళు ఉంటే దున్నకుండా అలాగే ఉంచుతాం. వేసవి వాన పడితే మే నెలలోనే నవధాన్యాలు చల్లుతాం, ప్రకృతి వ్యవసాయం చేసేవాళ్ళ దగ్గర నేర్చుకున్న పద్ధతి ఇది. అలసంద, సజ్జ, ఆముదం, ఏది మొలిస్తే అది నేలను పట్టుకుంటుంది.

రోటవేటర్ మాత్రం గాలికాలం ముందు వెయ్యకండి. మట్టిని పిండి చేసి గాలికి ఇచ్చినట్టే. గడ్డలు గడ్డలుగా, ఎగుడుదిగుడుగా ఉన్న దుక్కి గాలిని ఆపుతుంది. నున్నగా ఉంటే మంచి దుక్కి అనే అలవాటు మనకు చాలా నష్టం చేస్తోంది.

చెట్ల వరస వెయ్యాలనుకుంటే గాలికి అడ్డంగా, ఉత్తర దక్షిణాలుగా వెయ్యండి. బయటి వరసలో పొట్టి పొదలు, లోపల వేప, కానుగ, నీళ్ళుంటే సరుగుడు. గోడలా మూసేయకూడదు, సగం గాలి దూరి పోవాలి. పూర్తిగా ఆపితే గాలి పైనుంచి దూకి అవతల ఇంకా గట్టిగా కొడుతుంది. చెట్టు ఎత్తుకు పది పదిహేనింతల దూరం దాకా కాపు ఉంటుంది. ఇరవై అడుగుల వేప వరస రెండు వందల అడుగులు, ఆ పైన కూడా కాస్తుంది.

వాన పడేటప్పుడు

పనులన్నీ అయ్యాక మిగిలింది కాపలా. మబ్బు పట్టగానే పార, నాలుగు ఖాళీ గోతాలు చేని గుడిసెలో ఉన్నాయో లేదో చూసుకోండి. వాన మొదలై పావుగంట అయ్యాక, ఉరుములూ మెరుపులూ లేకుంటే, గొడుగేసుకుని పై గట్టు వెంబడి నడవండి. నీళ్ళు ఎక్కడ ఆగుతున్నాయి, ఎక్కడ పొర్లబోతున్నాయి అనేది ఆ టైములో తప్ప ఇంకెప్పుడూ తెలియదు. ఎలుక బొక్క నుంచి కారుతుంటే మట్టి నింపిన గోతం పైవైపు పెట్టి తొక్కండి. మరవలో చెత్త అడ్డం పడితే పారతో తీసేయండి. మరవలో పారే నీళ్ళను గాజు గ్లాసులో పట్టి తెల్లారేదాకా కదపకుండా పెట్టండి. అడుగున దిగిన మట్టి మందం గోటితో కొలిచి నోటుబుక్కులో తేదీ వేసి రాయండి. నేను మొదటి ఏడు రాసినది బొటనవేలి గోరంత. పోయిన సెప్టెంబరులో, అలాంటి వానకే, పై గట్టు మరవ దగ్గర పట్టిన గ్లాసులో అడుగున గీత అంత పలుచగా ఉంది, వెలుగుకు పట్టి చూడాల్సి వచ్చింది.